ఏడాదికో కొత్త జట్టు: కొలరాడో తడబడ్డ చోట ఇండియానా ఎలా నిలబడింది?

సంక్షిప్తంగా: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 2021 తర్వాత మారిన నిబంధనల వల్ల ఓ జట్టు ఒక్క శీతాకాలంలోనే సగానికి సగం మందిని మార్చుకోగలుగుతోంది. ఈ పద్ధతిలో ఇండియానా విశ్వవిద్యాలయం రెండేళ్లలో అట్టడుగు నుంచి జాతీయ టైటిల్‌కు చేరింది. ఇంకా పెద్దయెత్తున మార్పులు చేసిన కొలరాడో నిలదొక్కుకోలేకపోయింది. ఎంతమందిని తెచ్చారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. వచ్చినవాళ్లకు కోచ్ పద్ధతి ముందే తెలుసా, క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపించే ఆటగాడు) ముందు నిలబడి అతన్ని కాపాడే ఐదుగురు, అంటే ‘లైన్’, గట్టివాళ్లేనా అన్నదే ముఖ్యం. 2026 సీజన్‌లో ఇండియానాకు ఎదురయ్యే అసలు పరీక్ష కూడా అక్కడే ఉంది.

2026 జనవరి 1న జాతీయ ప్లేఆఫ్ క్వార్టర్‌ఫైనల్ అయిన రోజ్ బౌల్‌లో ఇండియానా 38–3 తేడాతో అలబామాను చిత్తుచేసింది. మర్నాడే, ఆటగాళ్లు కాలేజీ మారేందుకు పేర్లు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ తెరుచుకుంది. సెమీఫైనల్‌కు వారం ఉంది, ఫైనల్‌కు రెండున్నర వారాలు. పగలంతా టైటిల్ కోసం సాధన చేయిస్తున్న కోచ్‌లే వచ్చే ఏడాది జట్టు కోసం ఫోన్లు పట్టుకోవాల్సి వచ్చింది. ఆ నెల 19న మయామీ గార్డెన్స్‌లో మయామీ జట్టును 27–21తో ఓడించి, 16 మ్యాచ్‌లకు 16 గెలిచి ఇండియానా తొలిసారి జాతీయ చాంపియన్ అయింది. అప్పటికే ఆ జట్టు విడిపోతోంది.

అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు కుటుంబాలకు, అక్కడి క్యాంపస్‌లలో ఉన్న మన విద్యార్థులకు ఈ ఆట ఆకర్షణ ఎంతో, గందరగోళం కూడా అంతే. నిరుడు టీవీలో చూసిన పేర్లు ఈ ఏడాది జెర్సీల మీద కనిపించవు. కాలిఫోర్నియాలో ఆడినవాడు ఇండియానాలో ఉంటాడు, అక్కడివాడు జార్జియాకు పోతాడు. ఇది చూస్తే ఐపీఎల్ మెగా వేలం గుర్తుకు రావడం సహజం. కానీ ఐపీఎల్‌లో ఆటగాడిని అట్టిపెట్టుకునే హక్కు ఫ్రాంచైజీకి ఉంటుంది, మెగా వేలం కూడా కొన్నేళ్లకోసారే వస్తుంది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ప్రతి జనవరీ వేలమే. పైగా ఎంపిక చేసుకునే హక్కు ఎక్కువగా ఆటగాడి చేతిలో ఉంటుంది.

పాత పద్ధతి

పదేళ్ల కిందటి వరకూ కాలేజీ జట్టు నిర్మాణం నిదానంగా సాగేది. హైస్కూలు నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకునేవారు. ఏడాదికి 25 మందికి మించి కొత్తవాళ్లను తీసుకునే వీల్లేదు, మొత్తం స్కాలర్‌షిప్‌లు 85 దాటకూడదు. ఐదేళ్ల వ్యవధిలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. కుర్రాడు మొదటి ఏడాది బరువు పెంచుకుని, రెండో ఏడాది అడపాదడపా ఆడి, మూడో ఏడాదికి తుదిజట్టులోకి వచ్చేవాడు. కోచ్ పనితనం తెలియాలంటే నాలుగేళ్లు ఆగాల్సిందే అనేవారు.

మధ్యలో కాలేజీ మారినవాడికి శిక్ష ఉండేది. కొత్త చోట ఒక సీజన్ మొత్తం ఆడకుండా కూర్చోవాలి. జట్ల మధ్య రాకపోకలను ఆపింది ఆ ఒక్క ఏడాదే. ఇరవై ఏళ్ల ఆటగాడికి ఏడాది వృథా అంటే కెరీర్‌లో నాలుగో వంతు పోయినట్టే కదా.

తలుపులు ఎలా తెరుచుకున్నాయి?

2018 అక్టోబరు 15న కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ను ప్రారంభించింది. నిజానికి అదొక డేటాబేస్ మాత్రమే. ఆటగాడు తన పేరు అందులో చేర్పిస్తే మిగతా కాలేజీల కోచ్‌లు అతనితో నేరుగా మాట్లాడొచ్చు. కూర్చునే ఏడాది నిబంధన అలాగే ఉన్నంతకాలం దాని ప్రభావం పరిమితమే. 2021 ఏప్రిల్‌లో ఒకసారి మారేందుకు ఆ నిబంధనను ఎత్తేశారు. 2023 డిసెంబరులో పశ్చిమ వర్జీనియా ఫెడరల్ కోర్టు, రెండోసారి మారేవాళ్లను ఆపడం కూడా కుదరదని తాత్కాలిక ఉత్తర్వులిచ్చింది. 2024 వసంతానికల్లా చదువు సవ్యంగా సాగుతున్నవాళ్లు ఎన్నిసార్లైనా మారొచ్చన్న దశ వచ్చింది. ఏడాదికి 25 మందే అన్న పరిమితి కూడా అంతకుముందే పోయింది.

డబ్బు వైపు మార్పు ఇంకా పెద్దది. 2021 జూన్‌లో ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9–0తో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి ప్రకటనల డబ్బు తీసుకునే వెసులుబాటు వచ్చింది. ఎన్‌ఐఎల్ అని పిలిచేది దీన్నే. కాగితం మీద అది ప్రకటనల సొమ్ము. వాస్తవంలో అభిమానులు, దాతలు చందాలు పోగేసి ఆటగాళ్లను రప్పించే సాధనంగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. చివరికి 2025 జూన్‌లో, ఆటగాళ్లే వేసిన ‘హౌస్’ కేసులో కుదిరిన పరిష్కారాన్ని న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. దాంతో విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించే రోజు వచ్చింది. 2025–26కు ఒక్కో విశ్వవిద్యాలయం అన్ని క్రీడలకూ కలిపి ఇవ్వగలిగేది గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్లు. అదే పరిష్కారం కింద పాత ఆటగాళ్లకు పదేళ్లలో చెల్లించాల్సిన పరిహారం సుమారు 280 కోట్ల డాలర్లు. ఫుట్‌బాల్‌లో 85 స్కాలర్‌షిప్‌ల లెక్క పోయి, జట్టులో 105 మందికి మించరాదన్న నియమం వచ్చింది.

ఇవన్నీ ఒకే లక్ష్యంతో గీసిన పథకాలు కావు. కొన్ని తలుపులు కోర్టులు తీశాయి, కొన్ని ఎన్‌సీఏఏ తీసింది. అన్నీ తెరుచుకున్నాక ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ ముందుగా ఆలోచించలేదు. ఇప్పటి అయోమయానికి మూలం అదే.

కొలరాడో: అందరినీ మార్చిన జట్టు

2022లో కొలరాడో 12 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచింది. ఆ డిసెంబరులో కోచ్‌గా వచ్చిన డియాన్ శాండర్స్ తొలి సమావేశంలోనే ఆటగాళ్లకు మొహమాటం లేకుండా చెప్పారు: తన మనుషుల్ని తాను తెచ్చుకుంటున్నానని, ఉన్నవాళ్లు పోర్టల్ దారి చూసుకోవచ్చని. కొత్త కోచ్ తొలి ఏడాదిలో పాతవాళ్లను జట్టు నుంచి తప్పించొచ్చు. వాళ్ల చదువు ఖర్చు విశ్వవిద్యాలయం భరిస్తే చాలు, పరిమితి లెక్కలోకి రారు. ఆ వెసులుబాటును అంత పూర్తిగా వాడుకున్న కోచ్ అంతకుముందు లేరు. 2023 సీజన్ మొదలయ్యేసరికి కొలరాడోలో పాత స్కాలర్‌షిప్ ఆటగాళ్లు పది మంది వరకే మిగిలారు. కొత్తగా వచ్చినవాళ్లు 80 మందికి పైనే.

మొదటి మ్యాచ్ చూసి దేశమంతా నివ్వెరపోయింది. అంతకుముందు సీజన్ ఫైనలిస్టు టీసీయూను (టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం) వాళ్ల సొంత మైదానంలో 45–42తో ఓడించారు. క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్ ఆ రోజు 510 గజాలు విసిరాడు. తర్వాత నెబ్రాస్కా, కొలరాడో స్టేట్ జట్ల మీదా గెలుపే. ఆ వెంటనే ఒరెగాన్ చేతిలో 42–6 పరాజయం. అక్టోబరులో స్టాన్‌ఫర్డ్‌పై 29–0 ఆధిక్యం సంపాదించి కూడా 46–43తో ఓడారు. చివరి ఆరు మ్యాచ్‌లూ వరుసగా పోయాయి. మొత్తం నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు.

కారణం మెరుపుల చాటున దాగింది. షెడూర్ శాండర్స్, అఫెన్స్‌లోనూ డిఫెన్స్‌లోనూ ఆడగల ట్రావిస్ హంటర్ అసాధారణ ఆటగాళ్లు. ఇద్దరూ జాక్సన్ స్టేట్ నుంచి కోచ్ వెంట వచ్చినవాళ్లే, కాబట్టి అతని పద్ధతి వాళ్లకు కొత్త కాదు. కానీ క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడాల్సిన లైన్ తలో చోటి నుంచి వచ్చి చేరింది. ఆ సీజన్‌లో షెడూర్ 50కి పైగా సార్లు బంతి విసరకముందే నేలకూలాడు. 2024లో 9–4తో (తొమ్మిది గెలుపులు, నాలుగు ఓటములు) కోలుకున్నారు, దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని హంటర్ గెలిచాడు. ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లాక 2025లో జట్టు మళ్లీ 3–9కి పడిపోయింది. ఇద్దరు తారలతో కట్టింది వాళ్లతోనే పోయింది, కింద పునాది ఏర్పడలేదు.

ఇండియానా: తెలిసినవాళ్లను తెచ్చుకున్న జట్టు

ఇండియానా అంటే బాస్కెట్‌బాల్. ఆ ఆటలో ఐదు జాతీయ టైటిళ్లున్న విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌లో మాత్రం అగ్రశ్రేణి జట్లన్నింటిలో అత్యధిక ఓటముల రికార్డు మోసింది. తాను ఆడే ప్రాంతీయ లీగ్ బిగ్ టెన్ టైటిల్‌ను ఎవరితోనూ పంచుకోకుండా గెలిచింది 1945లో. 1991 తర్వాత ఒక్క బౌల్ మ్యాచ్ (సీజన్ చివర్లో మెరుగైన జట్లు ఆడేది) కూడా నెగ్గలేదు. ఒక సీజన్‌లో పది మ్యాచ్‌లు గెలిచిన చరిత్రే లేదు. 2023లో 3–9తో ముగిశాక కోచ్ టామ్ ఆలెన్‌ను తొలగించి, నవంబరు 30న జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి కర్ట్ సిగ్నెట్టీని తెచ్చుకున్నారు.

అప్పటికి సిగ్నెట్టీకి 62 ఏళ్లు. పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ దగ్గర అలబామాలో సహాయకుడిగా పనిచేసి, ఆ పెద్ద ఉద్యోగం వదిలి, తండ్రి ఒకప్పుడు శిక్షణ ఇచ్చిన రెండో శ్రేణి కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లిన మనిషి. అక్కడి నుంచి ఈలన్‌కు, తర్వాత జేమ్స్ మాడిసన్‌కు మెట్టుమెట్టుగా ఎక్కారు. చిన్న కాలేజీల్లో పేరున్న కుర్రాళ్లు దొరకరు. ఆడి నిరూపించుకున్నవాణ్ని గుర్తుపట్టడమే అక్కడ నేర్చుకునే విద్య. హైస్కూలులో ప్రతిభకు రేటింగ్‌గా ఇచ్చే స్టార్లు ఎన్ని వచ్చాయన్నది కాకుండా కాలేజీ మైదానంలో ఏం చేశాడన్నదే చూస్తానని ఆయన బాహాటంగానే చెబుతారు.

2024కు ఆయన తెచ్చుకున్నది 30 మంది వరకూ. కొలరాడో సంఖ్యలో సగం కూడా కాదు. వారిలో 13 మంది జేమ్స్ మాడిసన్ నుంచే వచ్చారు. డిఫెన్స్ మధ్యలో నిలిచే లైన్‌బ్యాకర్ ఐడెన్ ఫిషర్, అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే మికాయిల్ కమారా, ప్రత్యర్థి రిసీవర్లను అడ్డుకునే ఐదడుగుల తొమ్మిదంగుళాల కార్నర్‌బ్యాక్ డి ఏంజెలో పాండ్స్, విసిరిన బంతిని పట్టే రిసీవర్ ఎలైజా సరాట్ ఆ గుంపులోవాళ్లే. ఆటగాళ్లే కాదు, డిఫెన్స్ కోఆర్డినేటర్ బ్రయంట్ హైన్స్, అఫెన్స్ కోఆర్డినేటర్ మైక్ షానహన్ కూడా కోచ్‌తోపాటే వచ్చారు. అంటే మొదటి రోజు సాధనకే డిఫెన్స్‌లో కీలక స్థానాలవాళ్లకు సంకేతాలన్నీ కంఠస్థం. మిగతావాళ్లకు నేర్పింది కోచ్‌లు ఒక్కరే కాదు, పక్కన నిలబడ్డ ఆటగాళ్లు కూడా. మామూలుగా రెండేళ్లు పట్టే పని ఒక్క వసంతంలో పూర్తవడానికి కారణం ఇదే.

రెండో కారణం వయసు. కొవిడ్ వల్ల 2020 సీజన్‌ను ఎవరి లెక్కలోనూ వేయలేదు కాబట్టి, ఆరో ఏడాది ఆడేవాళ్లు కూడా దొరికారు. ఒహాయో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రూర్క్ అలాంటివాడే. ప్రతిభలో కాస్త వెనకబడ్డ ఇరవై మూడేళ్లవాడు, ప్రతిభ పుష్కలంగా ఉన్న పందొమ్మిదేళ్లవాణ్ని లైన్ దగ్గర వెనక్కి నెట్టగలడు. 2024లో ఇండియానా వరుసగా పది గెలిచి, 11–2తో సీజన్ ముగించింది. ఒహాయో స్టేట్, నోటర్‌డామ్ చేతిలో ఓడినప్పుడు, తేలికైన మ్యాచ్‌లతో పైకొచ్చిందన్న విమర్శ బలంగా వినిపించింది. అందులో కొంత నిజం ఉంది కూడా. ఆ విమర్శకు జవాబు 2025లో వచ్చింది.

ఒకే ఆటగాడు, రెండు లైన్లు

2025కు రూర్క్ స్థానంలో వచ్చింది కాలిఫోర్నియా బర్క్లీ నుంచి ఫెర్నాండో మెండోజా. హైస్కూలులో అతనికి దక్కింది రెండు స్టార్లే. మొదట యేల్‌కు వెళ్దామనుకున్నవాడు. 2024లో బర్క్లీలో ఆడుతూ, లైన్ నిలబడక దేశంలో అందరికంటే ఎక్కువగా నేలకూలిన క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడయ్యాడు. మరుసటి ఏడాది ఇండియానాలో అదే మనిషి హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. చెయ్యి మారలేదు. ముందున్న గోడ మారింది.

ఆ గోడకు మధ్యలో నిలబడింది ప్యాట్ కూగన్. నోటర్‌డామ్ తరఫున 2025 జనవరిలో జాతీయ ఫైనల్ ఆడి వచ్చిన సెంటర్. బంతి కదలకముందు ఎదుటి డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలో వేలు చూపించి, అరిచి చెప్పేది సెంటరే. ఆ అరుపుకు మిగతా నలుగురూ ఒకే క్షణంలో ఒకే వైపు కదలాలి. ఒక్కడు అరక్షణం ఆలస్యం చేసినా క్వార్టర్‌బ్యాక్ మీద 120 కిలోల మనిషి పడతాడు. రిసీవర్ వేగాన్ని, క్వార్టర్‌బ్యాక్ చేతిని డబ్బిచ్చి తెచ్చుకోవచ్చు. ఐదుగురి మధ్య ఈ సమన్వయం ఏ పోర్టల్‌లోనూ దొరకదు, నెలల తరబడి కలిసి ఆడితేనే వస్తుంది. ఇండియానాలో లైన్ ఎడమ చివర నిలబడే లెఫ్ట్ టాకిల్ కార్టర్ స్మిత్ పాత కోచ్ కాలం నుంచే ఉన్నాడు. పాతవాళ్ల పక్కన అనుభవమున్న కొత్తవాణ్ని నిలబెట్టారు. అలబామాపై రోజ్ బౌల్‌లో అఫెన్స్ ఉత్తమ ఆటగాడి బహుమతి కూగన్‌కు దక్కింది. సెంటర్‌కు అలాంటి గుర్తింపు రావడం చాలా అరుదు.

పాతవాళ్లను ఉంచుకోవడం విలువ తెలిసేది పెన్ స్టేట్ మ్యాచ్‌లో. 2025 నవంబరు 8న చివరి రెండు నిమిషాల్లో ఇండియానా 24–20తో వెనకబడి ఉంది, టైమవుట్లు లేవు, వెళ్లాల్సింది 80 గజాలు. 36 సెకన్లు మిగిలి ఉండగా మెండోజా ఎండ్ జోన్ (బంతి అందుకుంటే పాయింట్లొచ్చే మైదానం చివరి భాగం) వెనక అంచుకు బంతి విసిరాడు. ఒమర్ కూపర్ జూనియర్ గాల్లోకి లేచి అందుకుని, గీత దాటి పడిపోయేలోపు ఒక కాలి వేళ్లను లోపల ఆనించాడు. 27–24. బంతి విసిరినవాడు బర్క్లీ నుంచి వచ్చి పది నెలలు కూడా కాలేదు. పట్టినవాడు ఇండియానాపోలిస్ కుర్రాడు, జట్టు ఓడుతున్న రోజుల నుంచీ అక్కడే ఉన్నవాడు. అతన్నీ 2023 డిసెంబరులో సాగనంపి ఉంటే ఆ సీజన్ వేరేలా ముగిసేదేమో.

ఫ్లోరిడా స్టేట్: రెండోసారి పారని పాచిక

పోర్టల్ ఒకసారి ఫలించినంత మాత్రాన మళ్లీ ఫలిస్తుందనుకోవడానికి లేదు. 2023లో ఫ్లోరిడా స్టేట్ బయటి నుంచి తెచ్చుకున్న కియాన్ కోల్‌మన్, జారెడ్ వర్స్ లాంటివాళ్లతో 13–0 సాధించింది. క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ గాయపడటంతో ప్లేఆఫ్‌కు ఎంపిక కాలేదు. వాళ్లంతా వెళ్లాక, 2024లో మళ్లీ పోర్టల్ నుంచే ఖాళీలు నింపింది. ఫలితం 2–10. ట్రావిస్ ఆ జట్టులో ఏళ్ల తరబడి ఎదిగిన ఆటగాడు. అతని స్థానంలో వచ్చినవాడికి అది మూడో కాలేజీ. మొదటి ఏడాది పోర్టల్ అప్పటికే ఉన్న జట్టుకు బలం చేకూర్చింది. రెండో ఏడాది పోర్టలే జట్టయింది. తేడా అక్కడే వచ్చింది.

ఖర్చు ఎవరి మీద?

ఆటగాళ్లకు చెల్లించే కోట్లు ఎక్కడి నుంచో రావాలి. టీవీ ఆదాయం పెద్దదే అయినా చాలనిచోట టికెట్లు, విద్యార్థుల మీద భారం పడుతోంది. టెనసీ విశ్వవిద్యాలయం 2025 సీజన్ టికెట్లపై ఆటగాళ్ల కోసమే అదనంగా 10 శాతం వేసింది. క్లెమ్సన్ విద్యార్థులపై క్రీడా రుసుము పెట్టింది. అక్కడ చదువుతున్న తెలుగు విద్యార్థి ఒక్క మ్యాచ్ చూడకపోయినా, ఫీజు రసీదులో ఆ గీత కనిపించొచ్చు.

మన విద్యార్థులకు సంబంధించిన మరో విషయం ఉంది. ఎఫ్‌–1 వీసాపై ఉన్నవాళ్లకు క్యాంపస్ బయట పనిచేసే అనుమతి దాదాపు ఉండదు. అందుకే ఎన్‌ఐఎల్ ఒప్పందాలు విదేశీ ఆటగాళ్లకు చిక్కుముడిగా మారాయి. టెన్నిస్‌లోనో, స్క్వాష్‌లోనో క్రీడా స్కాలర్‌షిప్‌పై పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులు, పక్కనున్న అమెరికన్ ఆటగాడికి దొరికే ప్రకటనల డబ్బు తమ బిడ్డకూ వస్తుందని లెక్క వేసుకోవడం ప్రమాదం. వీసా నిబంధన తప్పితే పోయేది ఆట ఒక్కటే కాదు.

2026: ఈసారి జేమ్స్ మాడిసన్ లేదు

మెండోజా ఎన్‌ఎఫ్‌ఎల్ దారి పట్టాడు. ఫిషర్, కమారా, సరాట్, పాండ్స్, కూగన్ అందరూ వెళ్లిపోయారు. టీసీయూ నుంచి క్వార్టర్‌బ్యాక్ జాష్ హూవర్, మిషిగన్ స్టేట్ నుంచి రిసీవర్ నిక్ మార్ష్ వచ్చారు. పేర్లుగా చూస్తే 2024లో వచ్చినవాళ్ల కంటే వీళ్లు బరువైనవాళ్లే. చాంపియన్ జట్టుకు రావడానికి ఇప్పుడు ఎవరైనా ఇష్టపడతారు. 2025 అక్టోబరులో సిగ్నెట్టీతో సగటున ఏడాదికి 1.16 కోట్ల డాలర్ల చొప్పున 2033 దాకా ఒప్పందం కుదిరింది కాబట్టి కోచ్ వెళ్లిపోతాడన్న బెంగ కూడా తగ్గింది.

కానీ 2024లో దొరికిన అసలు సరుకు ఇప్పుడు బయట లేదు. కోచ్ పద్ధతిలో ముందే ఆడి వచ్చిన అలాంటి 13 మంది ఏ పోర్టల్‌లోనూ మళ్లీ దొరకరు. ఆ పాత్రను ఇప్పుడు ఇండియానాలోనే రెండేళ్లుగా బెంచీ మీద ఉంటూ నేర్చుకున్న కుర్రాళ్లు పోషించాలి. ఫ్లోరిడా స్టేట్ 2024లో విఫలమైంది సరిగ్గా ఈ మలుపులోనే.

హూవర్ విషయంలో చూడాల్సింది గజాల లెక్క కాదు. టీసీయూలో అతను ధారాళంగా బంతి విసిరాడు, ధారాళంగా ప్రత్యర్థులకూ అందించాడు. వరుసగా రెండు సీజన్లలో రెండంకెల ఇంటర్‌సెప్షన్లు. ఇండియానా ఆట నిలబడింది బంతి పోగొట్టుకోకపోవడం మీద. రూర్క్, మెండోజా ఇద్దరూ ఇక్కడికొచ్చాక మెరుగుపడ్డారు. ఇద్దరికీ విసిరే ముందు ఆలోచించుకునే సమయం దొరికింది, ఆ సమయం ఇచ్చింది లైనే. సెప్టెంబరు మొదటి మ్యాచ్‌లలో స్కోరు ఎలా ఉన్నా, హూవర్ చేతిలో బంతి ఎంతసేపు నిలుస్తోందో గమనిస్తే, అక్టోబరు మ్యాచ్‌ల గురించి అంచనా వేసుకోవచ్చు.